పాత బండి ఇంజనునకు పెట్రోలు చాలకుండుట: కారణమును కనుగొను క్రమము

మన సామర్లకోటనుండి కాకినాడకును, పెద్దాపురమునకును, రాజానగరమునకును పోవు రోడ్లమీద నేటికిని ఇరువది, ఇరువదియైదు సంవత్సరముల నాటి చిన్నకార్లు తిరుగుచునే యున్నవి. వీనిలో కొన్ని బాడుగకు నడచుచు ఒక కుటుంబమునకు అన్నము పెట్టుచున్నవి. కొన్ని రాత్రివేళ రోగిని కాకినాడ ఆసుపత్రికి చేర్చుటకు ఇంటివారికి గల యొకే యాధారము. అట్టి బండి పికప్పు తగ్గి, ఎక్కుడునందు త్రొట్రుపడి, ఆగినచోట ఆరిపోవుచున్నప్పుడు యజమాని షెడ్డునకు పోవును. అచ్చట ఒకరు ప్లగ్గులు మార్చుదురు, మరియొకరు సెన్సారు మార్చుదురు, వేరొకరు పంపు మార్చుదురు. వేల రూపాయలు వ్యయమగును గాని రోగము మాత్రము కుదురదు. ఇందులకు హేతువు పనివారికి నేర్పు లేకపోవుట కాదు. పరీక్షింపకమునుపే మార్చుటయే హేతువు. కావున ఇంజను మిశ్రమము పలుచబడినప్పుడు, అనగా షెడ్డువారు లీను అని పిలుచు స్థితి కలిగినప్పుడు, దాని కారణమును ఏ క్రమమున వెదకవలెనో మా విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును తెలియునట్లు ఇచ్చట వివరింప దలచితిమి.

మిశ్రమ మనగా నేమి?

పెట్రోలు తనంతట తాను మండదు. గాలిలోని ఆమ్లజనితో, అనగా ఆక్సిజనుతో, కలిసినప్పుడే మండును. ఒక కిలోగ్రాము పెట్రోలు మిగులక తరుగక మండుటకు సుమారు 14.7 కిలోగ్రాముల గాలి కావలెను. గాలి యింతకంటె తక్కువయైనచో మిశ్రమము చిక్కనిది. పొగ నల్లనగును, పెట్రోలు వ్యర్థమగును. గాలి హెచ్చయినచో మిశ్రమము పలుచనిది. పలుచని మిశ్రమమువలన పెట్రోలు ఆదా యగునని కొందరు సంతోషింతురు. అది భ్రమ. పలుచని మిశ్రమము తిన్నగా అంటుకొనదు, అంటుకొన్నను మెల్లగా మండును. బరువు లాగునప్పుడు ఈ స్థితి కొనసాగినచో వాల్వులు కాలిపోవును, ఇంజనులో టకటక ధ్వని పుట్టును, తుదకు పిస్టను తలకే రంధ్రము పడవచ్చును. మండక తప్పించుకొని పోయిన పెట్రోలు సైలెన్సరు ముందరనుండు కెటలిటిక్ కన్వర్టరులో మండి దానిని పాడుచేయును. కనుక నేడు వందలతో తీరవలసిన మరమ్మతును ఉపేక్షించినచో రేపు ఇంజనునే విప్పవలసి వచ్చును.

ఇంజెక్షను పద్ధతి

పూర్వపు బండ్లలో గాలి వేగమే పెట్రోలును పీల్చుకొనుచుండెను. ఆ పరికరమే కార్బురేటరు. 1967వ సంవత్సరమున జర్మనీ దేశపు బాష్ సంస్థవారి ఎలక్ట్రానిక్ ఇంజెక్షను పద్ధతి ఫోక్స్‌వాగన్ 1600 బండిలో అమర్పబడెను. 1976లో స్వీడను దేశపు వోల్వో బండ్లలో పొగగొట్టమునందలి ఆమ్లజనిని కనిపెట్టు సెన్సారు వాడుకకు వచ్చెను. మన దేశమున 1998లో హ్యుందాయ్ శాంట్రో ఈ ఇంజెక్షను పద్ధతితో బయలుదేరెను. 1999లో సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రాంతమున అమ్ము క్రొత్త బండ్లకు యూరో ప్రమాణములను విధించిన పిమ్మట కార్బురేటరు త్వరగా వెనుకబడెను. 2014లో తయారీ నిలిచిపోయిన మారుతి 800 సయితము తన చివరి కాలమంతయు ఇంజెక్షనుతోడనే నడచెను. నేడు మనయూళ్లలో పాత ఇంజెక్షను బండ్లనగా ముఖ్యముగా ఈ కాలమునకు చెందినవే.

ఇందలి పని యిట్లు జరుగును. ఇంజను లోనికి పోవు గాలి యెంతయో ఒక సెన్సారు తెలుపును. కొన్ని బండ్లలో నిది గాలి ప్రవాహమునే కొలుచును. మన చిన్నకార్లు పెక్కింటిలో నిది గాలి పోవు మానిఫోల్డునందలి ఒత్తిడిని కొలుచును; దీనినే మ్యాప్ సెన్సారు అందురు. ఇంజను వేడిని మరియొక సెన్సారు చెప్పును. ఈ మాటలను విని కంప్యూటరు పెట్టె ఇంజెక్టరులను వేయింట కొన్ని వంతుల సెకండు కాలము తెరచి పెట్రోలును చిమ్మించును. మండిన పిమ్మట ఆమ్లజని సెన్సారు పొగను పరీక్షించి, మిశ్రమము చిక్కనో పలుచనో తిరిగి కబురు పంపును. పెట్టె ఆ కబురునుబట్టి పెట్రోలును కొంచెము హెచ్చించుచు, కొంచెము తగ్గించుచు నుండును. ఈ సవరణమునే ఫ్యూయల్ ట్రిమ్ము అందురు. ఇది నూటికి పది పాళ్లలోపున నున్నంతకాలము చింతింప బనిలేదు. ఇరువదికి మించిన యెడల ఎక్కడనో లోప మున్నదని గ్రహింపవలెను.

గోదావరి కాలువ నెరిగిన మనకు ఇది సులభముగా బోధపడును. తూము వద్ద కొలిచి విడిచిన నీటికి సరిపడ పంట వేయుదుము. తూము దాటిన పిమ్మట గట్టునకు గండి పడినను, తూమునకే నాచు అడ్డుపడినను, కొలతకఱ్ఱయే తప్పు చూపినను లెక్క చెడును. ఇంజను విషయమునను లెక్క చెడుటకు దారులు ఇట్టివే.

గుర్తులు

ఉదయమున చల్లని ఇంజను త్వరగా అంటుకొనకుండుట, యాక్సిలరేటరు త్రొక్కగానే ఒక క్షణము వెనుదీయుట, సమవేగమున పోవునప్పుడు బండి ఉయ్యాలవలె ముందుకు వెనుకకు ఊగుట, ఐడిలింగునందు ఇంజను చుట్లు పైకి క్రిందికి పోవుట, గాలి గొట్టము వైపు టప్పుమని పేలుట, ఇవి ముఖ్యమైన గుర్తులు. ప్లగ్గులను విప్పి చూచినచో తెల్లని పింగాణీ భాగము లేత గోధుమవన్నె నుండుటకు మారుగా సున్నమువలె తెల్లబడి యుండును. ఒక ప్లగ్గు మాత్రమే తెల్లబడియున్నచో దోషము ఆ సిలిండరునకు సంబంధించినది. అన్నియు తెల్లబడియున్నచో దోషము అన్నింటికిని సామాన్యమైనది. ఈ యొక్క పరీక్షవలననే వెదకవలసిన చోటు సగమునకు తగ్గును.

సాక్షి మాట, తీర్పు

స్కానరు తగిలించగానే కొన్ని బండ్లలో పి 0171 అను అంకె కనబడును. మిశ్రమము పలుచగా నున్నదని దాని యర్థము. ఇంకను పాత బండ్లలో డాష్‌బోర్డు దీపపు మినుకులను లెక్కించి ఇట్టి సంకేతమును తెలిసికొందురు. ఈ అంకెను చూచి ఆమ్లజని సెన్సారును మార్చుట తరచుగా జరుగు పొరపాటు. ఆ సెన్సారు సాక్షి మాత్రమే. తాను చూచినదానిని చెప్పినందులకు సాక్షిని శిక్షించుట న్యాయము కాదు. అయితే సాక్షిని ప్రశ్నింపకుండ విశ్వసించుటయు తగదు.

ప్రశ్నించు విధ మేమనగా: ఆ సెన్సారు సుమారు 300 డిగ్రీల వేడికి చేరినగాని సరిగా పనిచేయదు. ఇంజను బాగుగా కాగిన పిమ్మట దాని విద్యుత్తు 0.1 వోల్టునకును 0.9 వోల్టునకును నడుమ మాటిమాటికి మారుచుండవలెను. ఎల్లప్పుడును 0.2 క్రిందనే యున్నచో పలుచదనమును చెప్పుచున్నదన్నమాట. అప్పుడు యాక్సిలరేటరును చటుక్కున త్రొక్కించి చూడవలెను. ఒక క్షణమైనను 0.8కి లేచినచో సెన్సారు జీవించియే యున్నది; దాని మాట వినదగినది. ఎంత చేసినను కదలనిచో దానిని, దాని తీగలను అనుమానింపవలెను.

ఇంకొక మోసము కలదు. ఆమ్లజని సెన్సారునకు ముందుండు పొగగొట్టమునకు పగులున్నను, అచ్చటి ప్యాకింగు కాలిపోయినను, పొగ పోటుల నడుమ బయటి గాలి లోనికి చొరబడును. సెన్సారు ఆ గాలిని చూచి మిశ్రమము పలుచనని చెప్పును. పెట్టె దానిని నమ్మి పెట్రోలును హెచ్చించును. నిజమునకు ఇంజనులో మిశ్రమము చిక్కనై పోవుచుండును. అట్లే ఒక ప్లగ్గు నిప్పు రాల్పక మిస్సింగు కొట్టినచో ఆ సిలిండరులోని గాలి వాడబడక అట్లే బయటకు వచ్చి, పలుచదనమను అపవాదమును తెచ్చును. కనుక మొదట పొగగొట్టపు కీళ్లయొద్ద నల్లని మసిచారలను చూడవలెను. చల్లని ఇంజనును వెలిగించి టిక్కు టిక్కుమను చప్పుడు వినవలెను. నిప్పు అన్ని ప్లగ్గులకును వచ్చుచున్నదా యని నిశ్చయించుకొనవలెను. ఇవి తేలిన పిమ్మటనే ముందుకు పోవలెను.

ఎప్పుడు పలుచబడుచున్నది?

అసలు కీలకము ఈ ప్రశ్నయందే యున్నది. ఇంజను కాగిన పిమ్మట మూడు స్థితులయందు ఫ్యూయల్ ట్రిమ్మును వ్రాసికొనవలెను: ఐడిలింగునందు, బండి నిలిచియుండగనే 2500 చుట్ల వద్ద, మెట్టమీదికి బరువుతో నెక్కునప్పుడు. ఈ మూడవదానిని వ్రాయువాడు ప్రక్క సీటున కూర్చుండవలెను గాని నడుపువాడు స్కానరును చూడరాదు.

ఐడిలింగునందు సవరణము నూటికి 22 అనియు, 2500 చుట్ల వద్ద 6 అనియు వచ్చిన దనుకొందము. ఐడిలింగునందు ఇంజను త్రాగు గాలి స్వల్పము. అందు గండిగుండా వచ్చు దొంగగాలి పెద్ద వంతు. చుట్లు హెచ్చినప్పుడు మొత్తము గాలి పెరుగును గాని గండి పెరుగదు. కావున ఇట్టి లెక్క గాలి గండిని చూపును. దీనికి విపర్యయముగా ఐడిలింగునందు 3 ఉండి, మెట్ట నెక్కునప్పుడు 20 దాటినచో, కావలసినంత పెట్రోలు అందుట లేదని యర్థము. మూడు స్థితులయందును ఇంచుమించు సమానముగా హెచ్చియున్నచో కొలుచు సెన్సారునో, పెట్రోలు గుణమునో చూడవలెను.

గాలి గండి

థ్రాటిల్ దాటిన పిమ్మట ఉండు రబ్బరు గొట్టములు వేడికి ఎండి పగులును. బ్రేకు బూస్టరు గొట్టము, ఇంజను ఆవిరిని లాగు గొట్టము, మానిఫోల్డు ప్యాకింగు, ఇంజెక్టరుల క్రింది రబ్బరు వలయములు, ఇవి వరుసగా చూడదగినవి. ఒక్కొక్క గొట్టమును క్షణకాలము నొక్కిపట్టినప్పుడు ఇంజను నడక కుదుటపడినచో ఆ వైపుననే గండి యున్నది. బ్రేకు బూస్టరు గొట్టమే చెడినచో బ్రేకు పెడలు గట్టిపడును. అట్టి బండిని మరమ్మతు కాకుండ రోడ్డెక్కింపనేరాదు. అనుమానమున్న కీలుమీద సబ్బునీటిని కొంచెము చిలికినప్పుడు ఇంజను ధ్వని మారినను గండి తెలియును. వసతిగల షెడ్లయందు పొగయంత్రముతో పొగను లోనికి పంపి, అది బయటకు వచ్చు చోటును కనుగొందురు. ఇది మిక్కిలి నిశ్చయమైన పద్ధతి. కొందరు మండు స్వభావముగల స్ప్రేను వేడి ఇంజనుమీద చల్లుదురు. అది అగ్నిప్రమాదమునకు పిలుపు. విద్యార్థు లెన్నడును అట్లు చేయరాదు.

ఇచ్చట నొక భేదమును గమనింపవలెను. గాలి ప్రవాహమును కొలుచు బండిలో గండి పడినచో ఆ గాలి కొలతకు చిక్కదు, మిశ్రమము పలుచబడును. మ్యాప్ సెన్సారు బండిలో గండిగాలి ఒత్తిడిని పెంచుటచే పెట్టె దానినిగూడ లెక్కించి పెట్రోలు నిచ్చును. అందువలన పలుచదనము స్వల్పమై, ఐడిలింగు చుట్లు మాత్రము హెచ్చును. అయినను గండి ఒకే సిలిండరు దగ్గరనున్నచో ఆ సిలిండరు పలుచబడి, తక్కినవి చిక్కబడును. ప్లగ్గుల రంగు అప్పుడే మనకు సాక్ష్యము.

పెట్రోలు అందకుండుట

పెట్రోలు ఒత్తిడిని గేజితో కొలువవలెను. ఇట్టి బండ్లలో అది సాధారణముగా 2.5 నుండి 3 బార్ల వరకు నుండును. ఆయా బండి పుస్తకములోని అంకెయే ప్రమాణము. ఐడిలింగునందు సరిగా నున్నదని తృప్తిపడరాదు. బరువు లాగునప్పుడుగూడ నిలుచుచున్నదా యని చూడవలెను. ఫిల్టరు మూసికొనిపోయినచో కొంచెము పెట్రోలు చాలునప్పుడు ఒత్తిడి సరిగానే యుండి, హెచ్చు కావలసినప్పుడు పడిపోవును. పంపు బలహీనమని తోచినచో దానిని మార్చకమునుపు దాని తీగల చివర వోల్టులను కొలువవలెను. బ్యాటరీకంటె అర వోల్టుకు మించి తగ్గియున్నచో తప్పు తీగలది, తుప్పుపట్టిన ఎర్తుది, పంపుది కాదు.

ఒత్తిడి సరిగా నుండియు ఒక సిలిండరే పలుచబడుచున్నచో ఇంజెక్టరు మొన మూసికొనియుండవచ్చును. నడుచుచున్న ఇంజనులో ఇంజెక్టరుల ప్లగ్గులను ఒక్కొక్కటిగా ఊడదీసి, చుట్లు ఎంత తగ్గునో చూడవలెను. దేనిని తీసినప్పుడు ఇంజను లెక్కచేయదో అదియే మందకొడి సిలిండరు. ఆ ఇంజెక్టరును శుభ్రపరచిన చాలును. కొత్తది కొనుట పిమ్మటి మాట.

కొలుచువాని తప్పు

ఇంజను వేడిని చెప్పు సెన్సారు చల్లని ఇంజనును వేడిదని చెప్పినచో, చలివేళ కావలసిన హెచ్చు పెట్రోలు అందదు. రాత్రియంతయు నిలిచిన బండికి తెల్లవారుఝామున స్కానరు తగిలించినచో ఇంజను వేడియు, గాలి వేడియు సమానముగా చూపవలెను. భేద మున్నచో దోషము బయటపడినట్లే. మ్యాప్ సెన్సారును పరీక్షించుట మనకు మరింత సులభము. మన సీమ సముద్రమట్టమునకు దగ్గరగా నుండుటచే, తాళము త్రిప్పి ఇంజను వెలిగింపనప్పుడు అది సుమారు 100 కిలోపాస్కలులు చూపవలెను. ఇంతకు మిక్కిలి తక్కువ చూపినచో, గాలి తక్కువ యున్నదని తలచి పెట్టె పెట్రోలును తగ్గించును.

పెట్రోలు గుణమే మారినప్పుడు

ఇది మన కాలమున పుట్టిన క్రొత్త కారణము. మన దేశమున పెట్రోలులో ఇథనాలు అను సారాయిని కలుపుచున్నారు. 2022లో నూటికి 10 పాళ్లు కాగా, 2025లో అది 20 పాళ్లకు చేరినది. ఇథనాలును చక్కెర మడ్డినుండియు, చెరకురసమునుండియు, నూకలనుండియు, మొక్కజొన్ననుండియు తీయుదురు. చక్కెర కర్మాగారమును, దానితోడి డిస్టిలరీని బహుకాలము చూచిన మన సామర్లకోటకు ఇది వింత కాదు. చెరకు రైతునకు దీనివలన మేలును కలదు. అయితే పాత బండిపై దాని ప్రభావ మెంతయో లెక్క వేసి తెలిసికొనవలెను.

ఒక కిలోగ్రాము ఇథనాలు మండుటకు గాలి 9 కిలోగ్రాములే చాలును. ఏలన దానిలోనే కొంత ఆమ్లజని కలదు. 100 లీటర్ల శుద్ధ పెట్రోలు బరువు సుమారు 74 కిలోగ్రాములు. దానికి కావలసిన గాలి 74ను 14.7 చేత గుణింపగా సుమారు 1088 కిలోగ్రాములు. మిశ్రమమునందు 20 లీటర్ల ఇథనాలు 15.8 కిలోగ్రాములు, దానికి గాలి 142. మిగిలిన 80 లీటర్ల పెట్రోలు 59.2 కిలోగ్రాములు, దానికి గాలి 870. మొత్తము 1012. అనగా ఇంజెక్టరు మునుపటియంత కాలమే తెరచుకొన్నచో గాలి నూటికి 7 పాళ్లు మిగిలిపోవును. పది పాళ్ల మిశ్రమమునుండి ఇరువదికి మారినందున కలిగిన భేదము ఇందులో సుమారు సగము.

ఆమ్లజని సెన్సారు బాగుగానున్న బండి ఈ 7 పాళ్లను తానే సవరించుకొనును. ఆ సెన్సారు లేని బండియు, అది చచ్చిపోయిన బండియు సవరించుకొనలేవు. అదివరకే చిన్న గండియో, సగము మూసికొన్న ఫిల్టరో ఉండి 15 పాళ్ల సవరణముతో నెట్టుకొని వచ్చుచున్న బండి ఇప్పుడు 22 చేరి దీపము వెలిగించును. అప్పుడు యజమాని తప్పంతయు పెట్రోలుదే యనును. పెట్రోలు పాలు 7 మాత్రమే. తక్కిన 15 తన బండిలోనిదే. ఈ విభజనము తెలియనిచో మరమ్మతు కాదగిన దోషము మరమ్మతు కాకయే యుండును. మరియు ఇథనాలు ట్యాంకు అడుగుననున్న పాత మడ్డిని కదలించి ఫిల్టరునకు చేర్చును, పాత రబ్బరు గొట్టములను ఉబ్బించును, నీటిని పీల్చును. కావున ఫిల్టరును, గొట్టములను మునుపటికంటె తరచుగా చూచుకొనవలెను.

ఇథనాలు పాలెంతయో ప్రయోగశాలలో చూడవచ్చును. కొలతగొట్టములో 90 మిల్లీలీటర్ల పెట్రోలును 10 మిల్లీలీటర్ల నీటిని పోసి కలిపి నిలిపినచో, ఇథనాలు పెట్రోలును విడిచి నీటిలో చేరును. అడుగు పొర 10 నుండి సుమారు 28కి పెరిగినచో మిశ్రమము ఇరువది పాళ్లది. దీనిని సైన్సు ఉపాధ్యాయుడే, నిప్పు దరిలేని గాలి తగులు చోట చేసి చూపవలెను. విద్యార్థులు ఇంటియొద్ద చేయరాదు.

తుది మాట

సాక్షిని ప్రశ్నించుట, పలుచదన మెప్పుడు కలుగునో వ్రాసికొనుట, అది చూపిన వైపుననే వెదకుట, కొలిచి చూచినగాని మార్చకుండుట: క్రమ మింతియే. దీపమును మాత్రము ఆర్పించుకొని పోవువాడు రోగము దాచుకొన్నవాడే. తల్లిదండ్రులకు మా మనవి యొకటి: షెడ్డులో ఏదైన వస్తువు మార్చవలెనని చెప్పినప్పుడు, అది చెడినదని ఏ పరీక్షవలన తెలిసినదని మర్యాదగా నడుగుడు. తన పని నెరిగిన మెకానిక్కు ఆ ప్రశ్నకు సంతోషించును, అంకెలను చూపును. విద్యార్థులారా, మీలో పలువురు రేపు పాలిటెక్నిక్కులయందును, ఐ.టి.ఐ.లయందును చేరి ఇదే పని నేర్తురు. చేత పానా పట్టుటకుముందు చేత పెన్సిలు పట్టి మూడంకెలు వ్రాసికొను అలవాటును ఇప్పుడే నేర్చుకొనుడు. మీ చేతికి వచ్చు పాత బండి ఒక ఇంటి బ్రతుకుతెరువు కావచ్చును. దాని యజమాని రూపాయి వృథా కాకుండ కాపాడుట మీ విద్యకు మొదటి ప్రయోజనము.